రక్తం ఎక్కేటప్పుడు పక్కన ఎవరుండాలి?

ప్రశ్న: మా వార్డులో థలసీమియా (పదేపదే రక్తం ఎక్కించాల్సి వచ్చే పుట్టుకతో వచ్చే జబ్బు) పిల్లలు, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) పడిపోయినవాళ్లు ఎక్కువ. రాత్రిపూట నేనూ, ఒక ఆయమ్మా అంతే. రక్తం పెట్టాక ఆమెను కూర్చోబెట్టి వేరే మంచం దగ్గరికి వెళ్లవచ్చా? ఆమెకు ఏ పనులు చెప్పవచ్చు?
- స్టాఫ్ నర్సు, చిత్తూరు

జవాబు: మొదటి పదిహేను నిమిషాలు మాత్రం కదలకండమ్మా. ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్లు ఎక్కువగా అప్పుడే మొదలవుతాయి. పేరు, నంబరు, గ్రూపు మంచం దగ్గరే ఇద్దరు సరిచూడాలి. ఆ రెండో మనిషి ఆయమ్మ కాకూడదు, డ్యూటీ డాక్టరును పిలవండి. బ్యాగు బ్లడ్‌బ్యాంకు నుంచి వచ్చిన అరగంటలోపు మొదలుపెట్టి, నాలుగు గంటల్లో ముగించాలి.

బీపీ, పల్సు, జ్వరం చూసి అంతా సరిగ్గా ఉందనుకున్నాక ఆయమ్మను కూర్చోబెట్టవచ్చు. అయితే 'కాస్త చూస్తుండు' అంటే ఆమె ఏం చూడాలి? 'పాప వణికినా, నడుము నొప్పి అన్నా, ఆయాసపడినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా ఆ క్షణమే నన్ను పిలువు' అని చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకోండి. పిలిస్తే ముందు రక్తం ఆపి, సెట్టు (గొట్టం) మార్చి సెలైన్ పెట్టి, డాక్టరుకు చెప్పండి. మధ్యమధ్య పరీక్షలు మీవే.

తిరుపతిలో నేను వార్డు చూసిన రోజుల్లో, మూత్రం పాలు లేని టీ రంగులో ఉందని ముందుగా పరుగెత్తుకొచ్చి చెప్పింది చాలాసార్లు ఆయమ్మలే. వాళ్ల కళ్లను నమ్మండి. అది దేనివల్లో తేల్చాల్సింది మీరు.

స్నానం, పక్క మార్చడం, తినిపించడం, మూత్రం కొలవడం ఆమెకు చెప్పవచ్చు. కానీ అదే స్నానం, ప్లేట్‌లెట్లు ఇరవై వేలకన్నా తక్కువున్న మనిషికి వేరే సంగతి. ముందు మీరు వెళ్లి చిగుళ్లు, చర్మం చూసి, గట్టిగా రుద్దొద్దని, మెత్తటి బ్రష్షే వాడాలని, వేపపుల్ల వద్దని, గడ్డానికి బ్లేడు తాకించొద్దని చెప్పండి. ఎనిమా మాట అసలొద్దు. మన వైపు ఇంకొకటుంది. డిశ్చార్జి కాగానే కొండకు వెళ్లి తలనీలాలు ఇస్తామంటారు ఇంట్లోవాళ్లు. మొక్కును కాదనక్కర్లేదు, ప్లేట్‌లెట్లు పెరిగాయని డాక్టరు చెప్పేదాకా ఆగమనండి. ఆ మాట ఆయమ్మ చేత కాకుండా మీ నోటితోనే చెప్పండి.

రాత్రి ఒక్కరే ఉంటారు కాబట్టి, అత్యవసరం కాని రక్తం పగలే మొదలుపెట్టమని డాక్టర్లను అడగండి. ఒప్పుకోకపోతే ఆ రాత్రికి ఇంకో సిస్టరు కావాలని రాతపూర్వకంగా పెట్టండి.