సింగిల్ షాట్ రైఫిల్‌కు స్కోప్ అమర్చడం

ప్రశ్న: తాతగారి నుంచి వచ్చిన .22 సింగిల్ షాట్ రైఫిల్ లైసెన్సు ఇప్పుడు నా పేరు మీద ఉంది. గొట్టం విరిచి (కిందికి వంచి తెరిచి) తూటా పెట్టే రకం, వెనుక హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) బయటికే ఉంటుంది. 50 మీటర్ల గురి సాధనకు ఎలాంటి స్కోప్ తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ అవసరానికి 4 రెట్లు చూపే స్కోప్ చాలు. అంతకు మించి పెద్దది చూపేవి చేతి వణుకును కూడా పెద్దది చేసి చూపుతాయి, కనిపించే మేర తగ్గిపోతుంది. సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో క్యాప్ ఉండే) రైఫిళ్ల స్కోపులు, కన్ను కాస్త కదిలినా గీతలు గుర్తు మీద నుంచి జరగనట్టు సాధారణంగా 100 గజాలకు సరిచేసి ఉంటాయి కనుక, .22 కోసం 50 గజాలకు సరిచేసినదే అడగండి.

స్కోప్ కంటి వైపు కొస హ్యామర్ మీదికి వస్తే దాన్ని బొటనవేలితో లాగడం కష్టమవుతుంది, వేలు జారితే ప్రమాదం కూడా. అందుచేత హ్యామర్‌కు పక్కకు పొడుచుకు వచ్చే చిన్న కొక్కెం తప్పక బిగించుకోండి. స్కోప్‌ను నిలిపే పట్టాను బిగించడానికి రంధ్రాలు వేసే పనిని లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారుకే అప్పగించాలి.

ఈ రకంలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. పట్టా గొట్టం మీదే ఉంటుంది కనుక, గొట్టం విరిచినా స్కోప్ దానితోపాటే కిందికి దిగుతుంది, రెండూ ఒకే వైపు చూస్తుంటాయి. తూటా లేదని నిర్ధారించుకుని, విరిచిన గొట్టాన్ని ఇసుక సంచులపై కదలకుండా ఉంచి, వెనుక నుంచి లోపలికి చూస్తూ 25 మీటర్ల దూరంలోని గుర్తును రంధ్రం మధ్యకు తెచ్చి, తర్వాత స్కోప్ గీతలను అదే గుర్తు మీదికి తిప్పండి. పావు మినిట్ (మినిట్ అంటే డిగ్రీ కోణంలో అరవయ్యో వంతు) స్కోపులో ఒక్కో క్లిక్కు గురిని ఆ దూరంలో సుమారు 1.8 మిల్లీమీటర్లు జరుపుతుంది.

పొలంలో అడవి పందుల బెడద ఎంత ఉన్నా, అధికారిక అనుమతి లేకుండా వాటిపై కాల్చడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.