కోతులకు తిండి పెట్టే ముందు

అమ్మలూ,

రోజూ పొద్దున్నే డాబా మీద కోతులకు తిండి పెడతానంటున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పిల్లని పొట్టకు హత్తుకుని తిరిగే ఆ బక్క తల్లికోతిని చూసి నీ కడుపు తరుక్కుపోయిందంటే నాకు గర్వంగానే అనిపించింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చిన్న సంగతులు ముందు. చెత్తబుట్టకు గట్టి మూత పెట్టు. తిండి చేత్తో పట్టుకుని డాబా ఎక్కకు. కోతి ఎదురైతే దాని కళ్లలోకి చూడకు, పళ్లు కనపడేలా నవ్వకు, పరిగెత్తకు.

ఇక నేను చేసిన తప్పు.

నీ వయసులో నేనూ వంటింటి కిటికీలోంచి ఒక తల్లికోతికి తిండి పెట్టాను. దాని ఎడమ చెవి కొస చిరిగి ఉండేది. మొదట్లో నేను పెట్టి వెనక్కి జరిగితే గానీ పిట్టగోడ దిగేది కాదు. నెల తిరక్కుండా ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టడం మొదలుపెట్టింది. నేను గుప్పిట మూస్తే ఒక్కొక్క వేలే విప్పి చూసేది. నల్లటి, చల్లటి వేళ్లు, గోళ్లతో సహా అచ్చం మనవే. నన్ను నమ్మిందని పొంగిపోయాను. నమ్మకం కాదే అది. మనిషి చేతిలో తిండి ఉంటుందని నేర్చుకుంది. నేర్పింది నేను. పొట్టనంటుకున్న పిల్ల కూడా చూసి నేర్చుకుంది.

రోజంతా ఆకులూ కాయలూ పురుగులూ వెతుక్కుంటే నిండే కడుపు నా కిటికీ దగ్గర పది నిమిషాల్లో నిండేది. ఇంక చెట్లెక్కడం ఎందుకు? తిండి దండిగా ఉంటే పిల్లలూ ఎక్కువే పుడతాయి, ఎక్కువే బతుకుతాయి. ఏ కాయ ఎప్పుడు పండుతుందో తల్లి వెంట తిరిగి తెలుసుకోవలసినవి, ఏ ఇంటి తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలుసుకుంటాయి.

ఒకసారి వారం రోజులు ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి పక్కింటి పాప చేతికి కట్టు. ఏదో తింటూ గుమ్మంలో నిలబడిందట. చిరిగిన చెవిది వచ్చి గుప్పిట విప్పబోయింది. పాప భయంతో ఇంకా బిగించింది. కరిచేసింది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

తర్వాత బోను పెట్టారు. అందులో పడింది. నేను దగ్గరికెళితే అరవలేదు, గుర్రుమనలేదు. చువ్వల్లోంచి చెయ్యి చాపి నా వేళ్లు విప్పసాగింది.

2020 మార్చిలో థాయిలాండ్‌లోని లోప్‌బురిలో తిండి పెట్టే యాత్రికులు రావడం తగ్గాక కోతులు నడిరోడ్డు మీద గుంపులుగా కొట్టుకోవడం నువ్వూ వీడియోలో చూసే ఉంటావు. అందరూ నవ్వారు. నాకు ఆ వారం రోజులే గుర్తొచ్చాయి.

ఇప్పటికే మొదలుపెట్టేశావా? మీ అమ్మ నాకు అన్నీ చెప్పదు. పెట్టేసి ఉంటే ఈ రోజే ఆపు. మొదటి కొన్నాళ్లు తలుపులు బాదుతాయి, ఇంకా మొండికేస్తాయి. జాలిపడి ఒక్కసారి పెట్టావో, అప్పటిదాకా పడ్డ పాట్లన్నీ వృథా. రోజూ దొరికే తిండికన్నా ఎప్పుడో ఒకసారి దొరికే తిండిమీద ఆశ ఎక్కువ. కింది వాటాల వాళ్లకూ చెప్పు. ఒక్క ఇంట్లో పెట్టినా చాలు, అవి కదలవు.

కరిచినా గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికెళ్లు. చిన్న గీతే కదా అని ఊరుకోకు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు ఉండదు. ఈ నాలుగు ముక్కలూ ఇంకోసారి చదువు, నా కోసం.

తిట్టానని చిన్నబుచ్చుకోకు తల్లీ. ఆ తల్లికోతి ఏ చెట్టెక్కుతుందో, ఏం తెంపుకుంటుందో చూసి రాసిపెట్టు. ఆ చెట్టు కొట్టేస్తామని ఎవరైనా వస్తే నువ్వు అడ్డం నిలబడాలి. వచ్చే నెల నేనొస్తాను. కిటికీ వేసుకుని, లోపలినుంచి ఇద్దరం చూద్దాం.

మీ పెద్దమ్మ