మోటారు పెద్దది వేస్తే పొలం చివర నీళ్ళు పెరుగుతాయా?

5 హెచ్.పి. మోటారు ఉన్నా 300 మీటర్ల అవతలి పొలంలో ధార సన్నగా పడుతోందనీ, 7.5 హెచ్.పి.ది కొనాలా అనీ మీరు అడిగారు. కొనవద్దు. ముందు పైపు లోపలి వ్యాసం కొలవండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరి పల్లె. మహేంద్రతనయ గట్టున ఉన్న నూతి నుంచి మా బావగారు తన అరటితోటకు ఇంచుమించు ఇంతే దూరం పైపు వేయించినప్పుడు మీ సమస్యే వచ్చింది. మెకానిక్కు మోటారు విప్పాడు, వైండింగు బాగుందన్నాడు, నీటిని నెట్టే చక్రం, అంటే ఇంపెల్లరు, మార్చాడు, డబ్బు తీసుకున్నాడు. ధార మాత్రం మారలేదు. చివరకు నేను మోటారు ఆపించి, నూతి దగ్గరే డెలివరీ పైపు జాయింటు విప్పించి, మళ్ళీ స్విచ్చి వేయమన్నాను. ముంజేయంత లావున నీళ్ళు ఎగజిమ్మి, అక్కడ నిలుచున్న వారందరినీ మెకానిక్కుతో సహా తడిపేశాయి. “మోటారు బాగానే ఉంది గదా, మరి నీళ్ళెటు పోతన్నాయి?” అన్నారు బావగారు. మోటారు ఇచ్చిన ఒత్తిడిలో ఎక్కువ భాగం పైపు గోడల రాపిడికే ఖర్చవుతోందనీ, అందువల్ల తోడుడే తగ్గిపోయిందనీ చెప్పాను.

అది 63 మి.మీ. పైపు. పీవీసీ పైపులను బయటి కొలతతో అమ్ముతారు గనుక లోపల ఉండేది మహా అయితే 59 మి.మీ. దానిలో సెకనుకు 5 లీటర్లు 300 మీటర్లు వెళ్ళాలంటే రాపిడికే సుమారు 15 మీటర్ల హెడ్డు (అంటే నీటిని అంత ఎత్తుకు ఎక్కించగల ఒత్తిడి) పోతుంది, 90 మి.మీ. పైపులో అదే నీటికి 3 మీటర్లు కూడా పోదు. 19వ శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న, పైపు రాపిడి నష్టాన్ని లెక్కగట్టే డార్సీ, వెయిస్‌బాక్‌ల సూత్రం చెప్పేది ఇదే: నీరు అంతే ఉన్నప్పుడు వ్యాసం రెట్టింపయితే నష్టం దాదాపు 32వ వంతుకు దిగుతుంది. పైపు మార్చకుండా నీటిని రెట్టింపు చేయాలంటే నష్టం నాలుగింతలవుతుంది, దానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. అందుచేత, రాపిడిదే పైచేయి అయిన లైనుకు 7.5 హెచ్.పి. తగిలించినా నీళ్ళు పెరిగేది 15 శాతం లోపే.

పాతపట్నం వైపు బంధువులకు ఇది చెబితే నవ్వుతారు. ఆంధ్రలో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉన్నందున రాపిడికి పోయే కరెంటు వారి లెక్కలోకే రాదు. అక్కడ సన్న పైపులు అంతగా చెలామణి కావడానికి అదే కారణమని నా గట్టి నమ్మకం. నది ఇవతల మాకు మీటరు తిరుగుతుంది. సన్న పైపులో 15, లావు పైపులో 3 అన్నాను గదా, ఆ తేడా 12 మీటర్ల హెడ్డుకు గంటకు ఇంచుమించు ఒక యూనిట్ వృథా. ఇలాగే వృథా చేసే సరదా ఇంకొకటి ఉంది: తొట్టి మీద పైపును ఎత్తుగా వంచి నీళ్ళు దూకించడం. ఆ ఎత్తును కూడా మోటారే మోయాలి.

మీ పైపు ఇప్పటికే పూడ్చి ఉంటే తవ్వి తీయనక్కరలేదు. దాని పక్కనే అదే సైజులో ఇంకొక వరుస వేసి రెండు చివరలా టీలతో (T ఆకారపు జాయింట్లతో) కలిపితే, ఒక్కో పైపులో సగం నీరే నడుస్తుంది గనుక అదే తోడుడుకు నష్టం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అయితే ధార పెరిగినప్పుడు మోటారు లాగే ఆంపియర్లు కూడా పెరగవచ్చు కాబట్టి, మొదటిసారి నడిపేటప్పుడు స్టార్టరు మీది అమ్మీటరును గమనించండి.