తొండ ముదిరితే ఊసరవెల్లి కాదు

ప్రశ్న: మేడం గారూ, పోయిన వేసవిలో పిల్లలతో మారిషస్ వెళ్లాం. హోటల్ ప్రహరీ మీద ఒకదాన్ని చూపించి డ్రైవర్ "కమేలియాన్" (అంటే ఊసరవెల్లి) అన్నాడు. మా బాబు నలభై ఫొటోలు తీశాడు. తీరా స్కూల్లో చూపిస్తే సైన్స్ టీచర్ "ఇది మన తొండే కదరా" అన్నారట. వాడు రెండు రోజులు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఈ డిసెంబరులో సీషెల్స్ వెళ్తున్నాం. అక్కడైనా అసలు ఊసరవెల్లి కనిపిస్తుందా? ఎలా వెతకాలి?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఆ ఫొటోలు తీసెయ్యొద్దని ముందు మీ బాబుకి చెప్పండి. డ్రైవర్ మోసమేమీ చెయ్యలేదు. అక్కడివాళ్లు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. మన తొండలు సరుకుల ఓడలెక్కి ఆ దీవులు చేరాయి. చెరకు తోటల పనికి మన తెలుగువాళ్లు చేరింది కూడా ఓడల్లోనే కదా! అయినా పేరు తప్పు పెట్టడంలో మనమేం తక్కువ తిన్నాం? తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని ఏకంగా సామెతే కట్టాం. నేను జువాలజీ చెప్పిన ముప్ఫై ఏళ్లలో, చెప్పుల డబ్బాలో తొండను పెట్టుకొచ్చి "ఊసరవెల్లి మేడం" అనే పిల్లాడు లేని సంవత్సరం లేదు.

తేడా చాలా తేలిక. మీరు దగ్గరికి వెళ్లగానే సర్రున పరిగెత్తితే అది తొండ. గోడ మీద దండాలు తీస్తున్నట్టు తల ఊపేదీ అదే. ఊసరవెల్లికి పరుగు చేతకాదు. దాని వేళ్లు ఒక పక్క రెండు, ఒక పక్క మూడు అతుక్కుని పటకారులా ఉంటాయి. కొమ్మను పట్టుకోవడానికి బాగుంటాయి గానీ గోడ ఎక్కడానికి పనికిరావు. అడుగు వేసే ముందు గాలికి ఆకు ఊగినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. రెండు కళ్లూ దేని దారి దానిదే.

సీషెల్స్‌కి సొంత ఊసరవెల్లి ఉంది. టైగర్ కమేలియాన్ అంటారు. మాహే, సిలువెట్, ప్రాలిన్ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. తోకతో కలిపినా జానెడు ఉండదు. ఒంటి మీద నల్లటి చుక్కలు, గడ్డం కింద చిన్న మొన. బూడిద, పసుపు, నారింజ... ఏ రంగులోనైనా ఉండొచ్చు కాబట్టి రంగు చూసి వెతక్కండి. నేను చేసిన తప్పు అదే.

మా అమ్మాయి వాళ్లతో మాహే వెళ్లినప్పుడు, పాఠం చెప్పినదాన్ని కదా అనే ధీమాతో రెండు పగళ్లు కొండదారుల్లో అందరినీ తిప్పాను. మా అల్లుడుగారు పాపం నోరెత్తలేదు గానీ, బీచ్ ఇటు కాదేమో అత్తయ్యా అని ఒకసారి అన్నారు. ఎండిన ఆకులు, దాల్చినచెట్ల కొమ్మలు చూసి చూసి మెడ పట్టేసింది. మూడో రాత్రి భోజనాలయ్యాక, కోఠిలో కొన్న కరెంటు కోత టార్చి పట్టుకుని గెస్ట్‌హౌస్ వెనక దారిలో నడిచాం. పావుగంటలో మా ఎనిమిదేళ్ల మనవరాలు, "అమ్మమ్మా, ఆ ఆకు తెల్లగా ఉందేంటి?" అంది. ఆకు కాదు. సన్నటి కొమ్మ చివర తోకను చుట్ట చుట్టుకుని, కళ్లు మూసుకుని నిద్రపోతోంది!

కిటుకంతా ఇదే. పగలు ఆకుల్లో కలిసిపోయేది రాత్రి నిద్రలో పాలిపోతుంది. టార్చి వెలుగు పడితే చుట్టూ ఉన్న పచ్చదనంలో అదొక్కటే తెల్లగా తేలిపోతుంది. పడుకోవడానికి కొమ్మ కొసనే ఎంచుకుంటుంది. పాము లాంటిది వస్తే కొమ్మ కదిలి ముందే తెలుస్తుంది, పట్టు వదిలేసి కిందికి జారిపోవచ్చు. అందుకని మీరు పొద లోపల వెతకొద్దు, అంచులు చూడండి. టార్చిని మీ కంటి ఎత్తులో పట్టుకుని పెళ్లినడక నడవండి. ఫోన్ లైటు చాలదు. అక్కడ రాత్రి ఏడు కల్లా చీకటి పడిపోతుంది కాబట్టి పిల్లల నిద్ర చెడదు. డిసెంబరు వానల కాలం, దారులు జారతాయి. బస కొండవైపు చూసుకుని, తెలిసిన గైడ్‌ని వెంటపెట్టుకోండి. ప్రాలిన్‌లో కోకో డి మేర్ అనే తాటిజాతి చెట్లున్న వాలీ డి మే అడవికి పగలే వెళ్లాలి. అక్కడ మాత్రం గైడ్ కళ్లే దిక్కు.

కనిపించాక లైటు ఎక్కువసేపు మొహం మీద వెయ్యొద్దు, కొమ్మ ఊపొద్దు. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవి అది.

మీ బాబు ఎర్ర చొక్కా పక్కన పెడితే ఎర్రబడుతుందా అని అడుగుతాడు చూడండి, పిల్లలందరూ అడుగుతారు. ఎర్రబడదు. రంగు మారడం దాని మూడ్‌ని బట్టి, వేడిని బట్టి. పోటీకి ఇంకో మగది ఎదురైతే మరీను. చర్మంలో అతిసన్నని స్ఫటికాలుంటాయి. వాటి మధ్య ఎడం పెరిగితే పచ్చనిది పసుపు వైపు తిరుగుతుంది. జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో మడగాస్కర్ పాంథర్ కమేలియాన్ల మీద దీన్ని తేల్చారు. పార్టీ మారినవాళ్లను దీంతో పోల్చడం ఊసరవెల్లికి అన్యాయమని నా అభిప్రాయం. ఇది లోపల ఉన్నదే బయటికి చూపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మమ్మగారి ఊరు నల్లమల దగ్గర. దసరాకి వెళ్తే కంచె మీద ఊసరవెల్లి కనిపించింది. తెచ్చి బాల్కనీలో పెంచుకోవచ్చా? కరిస్తే విషమా?
— డిగ్రీ విద్యార్థి, నిజాంపేట

జవాబు: విషం లేదు. పెంచకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. పైగా అది గిన్నెలో నీళ్లు పెడితే తాగే రకం కాదు నాయనా, ఆకుల మీది చుక్కలు నాకుతుంది. మీ బాల్కనీలో నాలుగు రోజులు కూడా బతకదేమో. ఊరికి వెళ్లినప్పుడు దానికి సాయం చెయ్యాలనుంటే రోడ్డు మీద చూడు. గుడ్లు పెట్టడానికి ఆడది నేల మీదికి దిగుతుంది, ఊగుతూ ఊగుతూ రోడ్డు దాటేలోపు బండ్ల కింద పడుతుంది. వెనకా ముందూ చూసుకుని బండి పక్కకి ఆపు. దాని ముందు ఒక పుల్ల పెడితే తనే ఎక్కుతుంది. ఎటు నడుస్తోందో ఆ వైపు పొదల్లోనే దింపు.