ఉన్నట్టుండి చెవి వినిపించకపోతే గులిమి ఒక్కటే కారణం కాదు

వైరస్ వల్ల గానీ, మన రోగనిరోధక వ్యవస్థ వల్ల గానీ లోపలి చెవి దెబ్బతింటుందా అని ఒకరు నన్ను అడిగారు. తప్పకుండా దెబ్బతింటుంది. నన్నడిగితే, 'కారణం తెలియదు' అని కేస్ షీటులో రాసి వదిలేసే ఆకస్మిక చెవుడు కేసుల్లో చాలా భాగం ఈ రెండింటి ఖాతాలోకే వస్తుంది.

మా అక్క ఒక ఉదయం ఫోన్ ఎత్తి, అవతలివారు మాట్లాడటం లేదనుకొని పెట్టేసింది. మళ్ళీ మోగినప్పుడు కుడి చెవికి ఆనించుకుంటే గొంతు స్పష్టంగా వినిపించింది. ఎడమ చెవిలో మాత్రం ఒకటే హోరు. అంతకు ముందు వారమంతా ఆమెకు జలుబు, ఒళ్ళునొప్పులు. దగ్గర్లోని క్లినిక్‌లో గులిమి గట్టిపడిందని చెప్పి, చుక్కల మందు రాసి, వారం తర్వాత రమ్మన్నారు. నాకు నమ్మకం కుదరక ఆ సాయంత్రమే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాను. ఆయన ట్యూనింగ్ ఫోర్క్‌ను (తడితే మోగే రెండు కొమ్ముల లోహపు పరికరం) తన మోచేతికి తట్టి, దాని కాడను అక్క నుదుటి మధ్యన ఆనించి, మోత ఎటువైపు వినిపిస్తోందని అడిగారు. కుడివైపని చెప్పింది. గులిమే అడ్డుపడి ఉంటే మోత ఆ మూసుకున్న చెవిలోనే గట్టిగా వినిపించాలని, బాగున్న చెవి వైపు జరిగిందంటే లోపం లోపలి చెవిలోనో నరంలోనో ఉన్నట్టని ఆయన వివరించారు. నిమిషమైనా పట్టని ఈ పరీక్షను చుక్కలు రాసే ముందు ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ తీశాక స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. వినికిడి చాలావరకు తిరిగి వచ్చింది, హోరు కొంత మిగిలింది. మందు లేకుండానే కోలుకునేవారూ ఉంటారని డాక్టరు అన్నారు గానీ, స్టెరాయిడ్ వైరస్‌ను చంపదు, వాపును, రోగనిరోధక కణాల దూకుడును అణచుతుంది కాబట్టి, అక్క చెవిని పాడుచేసింది వైరస్ కంటే దాన్ని తరమబోయిన సొంత రక్షణ వ్యవస్థేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నా నమ్మకానికి ఊతం లేకపోలేదు. చెవిలోని సమతుల్య నాడికి వాపు వచ్చి విపరీతంగా కళ్ళు తిరిగే జబ్బులో అనుమానమంతా పెదవులపై పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ మీదే ఉండేది. అయితే జర్మనీలో 141 మంది రోగులపై జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో వైరస్‌ను అణచే వాలాసైక్లోవిర్ మేలు చేయలేదు, స్టెరాయిడ్ అయిన మిథైల్ ప్రెడ్నిసొలోన్ మేలు చేసింది. ఇంకా ముందు, 1979లోనే మెక్‌కేబ్ అనే అమెరికన్ వైద్యుడు, వారాలు నెలల వ్యవధిలో రెండు చెవుల్లోనూ వినికిడి క్రమంగా తగ్గిపోతూ, రోగనిరోధక శక్తిని అణచే మందులతో మెరుగుపడిన రోగులను వర్ణించారు.

అలాగని వైరస్‌ను నిర్దోషిగా వదిలేయలేం. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరాల్లో దశాబ్దాలు దాగి ఉండి, ఎప్పుడో లేచి చెవిపై పొక్కులు, మూతి వంకర, చెవుడు తేగలదు. గవదబిళ్ళలైతే కొందరు పిల్లలకు ఒక చెవిని శాశ్వతంగా పోగొడతాయి, రెండో చెవితో పని జరిగిపోతుంది గనుక ఇంట్లో ఏళ్ళ తరబడి ఎవరూ గమనించరు. ఇంత తెలిసి కూడా మన ప్రభుత్వ కార్యక్రమంలో 2017 నుంచి తట్టు, రుబెల్లా టీకానే ఇస్తూ గవదబిళ్ళలను పక్కన పెట్టారు. ఆ మూడోదీ కావాలంటే మూడింటికీ కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకాను మన డబ్బుతో వేయించుకోవాల్సిందే.