మెత్తటి అగర్ ప్లేటు ముందు తొందరపడకు

అమ్మలూ,

సముద్రపు స్పాంజ్ అనే జీవిలో ఉండే బ్యాక్టీరియా ఎప్పుడు ఈదుతుంది, ఎప్పుడు అతుక్కుని కూర్చుంటుంది అన్నదే ప్రాజెక్టుగా తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మంచి పని పట్టుకున్నావు, అందుకే నాకు తెలిసినవి రాస్తున్నా.

చెన్నై చేపల రేవు కాశిమేడులో వలకి తగిలి వచ్చిన స్పాంజ్ ముక్క తేలిగ్గానే దొరుకుతుంది, కానీ ఐసు, పడవ చెక్క, పదిమంది చేతులు తగిలాక దాంట్లోంచి లేచిన బ్యాక్టీరియా కాలనీ స్పాంజ్ లోపల కాపురమున్నదేనని ఎలా చెప్తావ్? స్టెరైల్ చేసిన సముద్రపు నీళ్లతో బాగా కడిగి, పైపొర తీసేసి, లోపలి కండ మాత్రమే తీసి నలిపెయ్.

రుగేరియా కేఎల్‌హెచ్11 మీద వచ్చిన పేపర్లు ముందు చదివెయ్. మైకేలే లాక్సిసిమా అనే స్పాంజ్ నుంచి తీసిన బ్యాక్టీరియా అది. ఏహెచ్‌ఎల్ అనే సిగ్నల్ అణువుల్ని బయటికి వదులుతూ ఉంటుంది, గుంపు చిక్కబడి ఆ సిగ్నల్ పెరిగాకే ఫ్లాజెల్లా, అంటే ఈదడానికి పనికొచ్చే తోకలు, కట్టుకుని ఈతకి దిగుతుంది. ఆ సిగ్నల్ తయారుచేసే ఎస్ఎస్ఏఐ జీన్ తీసేస్తే ఈత పోతుంది, బయోఫిల్మ్, అంటే అతుక్కుని కట్టే పొర, మాత్రం ఇంకా పెరుగుతుంది. సిగ్నల్‌కీ ఈతకీ మధ్యలో సీటీఆర్ఏ అనే ప్రొటీన్‌ది పెద్ద పాత్ర. కిక్కిరిసిన చోటు వదిలి వెళ్లడానికే ఈ ఏర్పాటని నాకు గట్టిగా అనిపిస్తుంది, కానీ స్పాంజ్ లోపల అది చూపించడం వేరే పని.

ఇక ఈత పరీక్ష. మీడియంని గడ్డకట్టించే అగర్ 0.3 శాతం దగ్గర ఉంచు, అన్ని ప్లేట్లలోనూ ఒకే మందాన పొయ్యి, సూదితో సరిగ్గా మధ్యలో గుచ్చు. ప్లేటు తిరగెయ్యకు, కదిపితే బ్యాక్టీరియా ఈదుతూ చుట్టూ పరుచుకున్న వలయం చెదిరిపోతుంది. వలయం చిన్నదయిందని వెంటనే ఈత తగ్గిందని రాసెయ్యకు, ఆ మ్యుటెంట్ (జీన్ తీసేసిన బ్యాక్టీరియా) పెరగడమే నెమ్మదేమో ద్రవ మీడియంలో గ్రోత్ కర్వ్, అంటే టైముతో పాటు ఎంత పెరిగిందో చూపే గీత, తీసి చూడు. తర్వాత హ్యాంగింగ్ డ్రాప్ (గాజు పలకకి వేలాడే చుక్క) వేసి మైక్రోస్కోప్‌లో పరీక్షగా చూడు: అన్నీ ఒకే వైపు జారుతుంటే అది నీటి ప్రవాహం, ఉన్నచోటే వణుకుతుంటే నీటి అణువుల తాకిడికి కలిగే బ్రౌనియన్ చలనం, ఒకటి ఇటు, ఒకటి అటు దూసుకెళ్తుంటేనే ఈత.

మ్యుటెంట్‌కి సిగ్నల్ తిరిగి కలిపితే ఈత వస్తుందో లేదో తప్పకుండా చెయ్యి, అసలు రుజువు అక్కడే ఉంది. సిగ్నల్‌ని ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకంలో కలిపి వాడితే, ఒట్టి ఇథైల్ ఎసిటేట్ వేసిన ప్లేటు కూడా పక్కన ఉండాలి. సముద్రపు మీడియం పీహెచ్ 8 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ అణువులోని లాక్టోన్ వలయం మెల్లగా విడిపోతుంది, కల్చర్ నుంచి సిగ్నల్‌ని తీసేటప్పుడు కొంచెం ఆమ్లం కలుపు.

ఆదివారం అడయార్ వచ్చేటప్పుడు ప్లేట్ల ఫొటోలు, గ్రోత్ కర్వ్ రెండూ తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ