మెయిల్స్ పోయాయనుకునే ముందు

చిరంజీవి చిన్నికి,
పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. జీఎస్‌టీ ఫోల్డర్ తెరిస్తే ఒక్క మెయిల్ కూడా కనపడట్లేదనీ, మీ సార్ పాత నోటీసులు అడిగేలోపు ఎలాగైనా వెనక్కి తేవాలనీ రాశావు. టెన్షన్ పడకు. మీరు మెయిల్స్ చూసుకునే ఆ థండర్‌బర్డ్ సాఫ్ట్‌వేర్‌లో మెయిల్స్ నిజంగా పోవడం తక్కువ, కనపడకుండా పోవడమే ఎక్కువ. కాకపోతే కంగారులో అదీ ఇదీ నొక్కితే కనపడనివి కాస్తా నిజంగానే పోతాయి. అందుకని ఇది చదివేదాకా మౌస్ పక్కన పెట్టు.

ఫోల్డర్లు ఎప్పుడు తేడా చేసినా ముందు తేల్చుకోవాల్సింది అసలు మెయిల్ ఉండేది ఎక్కడ అన్నది. అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరువు. పైన సర్వర్ రకం ఐమ్యాప్ అని ఉంటే మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, నీ కంప్యూటర్లో కనపడేది దాని నకలు. పాప్ అని ఉంటే అసలు సరుకు నీ హార్డ్‌డిస్క్ మీదే ఉండొచ్చు. మీది జీమెయిల్ కాబట్టి ఐమ్యాపే అయ్యుంటుంది. బ్రౌజర్లో జీమెయిల్ తెరిచి ఏదైనా ఒక నోటీసు సబ్జెక్టు వెతుకు. దొరికిందా, ఇక గండం లేనట్టే. దొరక్కపోతే ట్రాష్ కూడా చూడు, జీమెయిల్ అక్కడ 30 రోజులు ఉంచుతుంది. అక్కడా లేకపోతే ఆఫీసులో ఇంకెవరైనా ఇదే అకౌంట్‌ని తమ కంప్యూటర్లో పాప్‌గా పెట్టుకున్నారేమో అడుగు. సర్వర్‌లో కాపీ ఉంచమని సరిగ్గా చెప్పకపోతే మెయిల్స్ ఆ కంప్యూటర్లోకి దిగిపోయి, మిగతావాళ్లకి ఏమీ మిగలదు.

నాకు అసలు అనుమానం మాత్రం వేరే. పోయిన వారం మీ సీనియర్ వెబ్‌లో ఫోల్డర్ పేరు "జీఎస్‌టీ 2024/25" అని మార్చారని ఓ మాట అన్నావు చూడు, అక్కడుంది తిరకాసు. మనకి ఆర్థిక సంవత్సరం అలా రాయడం అలవాటు. జీమెయిల్‌కి ఆ అడ్డగీత అంటే ఫోల్డర్లో ఫోల్డర్ అని అర్థం. వెబ్‌లో లేబుల్ (ఫోల్డర్‌కి జీమెయిల్ పెట్టుకున్న పేరు) ఒకటే పేరుగా కనిపిస్తుంది గానీ థండర్‌బర్డ్‌లోకి వచ్చేసరికి "జీఎస్‌టీ 2024" అని పై ఫోల్డర్, దాని లోపల "25" అని ఇంకొకటి తయారవుతాయి. పైదాన్ని తెరిస్తే ఖాళీగానే ఉంటుంది మరి, మెయిల్సన్నీ "25"లో ఉంటాయి కదా. పక్కనున్న బాణం గుర్తు నొక్కి లోపల చూడు. ఇదే అయితే లేబుల్ పేరు వెబ్‌లోనే "2024-25" అని మార్చేయండి. చుక్క కూడా వాడొద్దు, కొన్ని సర్వర్లు దాన్నీ అలాగే విడగొడతాయి.

పేరు మార్చాక కొత్త ఫోల్డర్ అసలు కనపడకపోతే అకౌంట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి సబ్‌స్క్రైబ్ అన్నది తెరువు. అక్కడ దాని పక్కన టిక్ ఉండాలి. అక్కడా లేకపోతే జీమెయిల్ సెట్టింగ్స్‌లో లేబుల్స్ పేజీలో "షో ఇన్ ఐమ్యాప్" టిక్ తీసేసి ఉంటుంది.

ఇంకో రెండు చిల్లర కారణాలున్నాయి, చిల్లరవే గానీ గంటలు తినేస్తాయి. ఒకటి మెయిల్స్ జాబితా పైన ఉండే క్విక్ ఫిల్టర్ పట్టీ. అందులో "అన్‌రెడ్" బటన్ నొక్కి పిన్ కూడా గుచ్చి ఉంటే చదివిన మెయిల్సన్నీ మాయమవుతాయి, ఏ ఫోల్డర్‌కి వెళ్లినా అదే గోల. రెండోది చెయ్యి జారడం. మౌస్ పట్టుకుని జరిపినప్పుడు ఒక ఫోల్డర్ పక్కదాని కడుపులోకి వెళ్లిపోతుంది. ఒక్కొక్కటీ తెరిచి వెతక్కు. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కితే వెతుకులాట పెట్టె వస్తుంది. గుర్తున్న సబ్జెక్టు కొట్టు, ఏ ఫోల్డర్లో ఉందో ఫలితాల్లోనే కనిపిస్తుంది.

వెబ్‌లో ఉండి, ఫోల్డరూ సరిగ్గానే ఉండి, జాబితా మాత్రం తప్పుగా చూపిస్తుంటే అప్పుడు రిపేర్ సంగతి. ఒక మెయిల్ నొక్కితే ఇంకోటి తెరుచుకోవడం, లేని మెయిల్స్‌ని కొత్తవిగా లెక్కపెట్టడం ఈ జబ్బు లక్షణాలు. థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌లోని మెయిల్సన్నీ ఒకే పెద్ద ఫైలుగా దాస్తుంది, పక్కనే ఎం.ఎస్.ఎఫ్. అనే చిన్న ఫైలు పెట్టుకుంటుంది. మా రికార్డు రూములో ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పే రిజిస్టరు లాంటిదది. రిజిస్టరు చెడినంత మాత్రాన బీరువా ఖాళీ అయినట్టు కాదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో రిపేర్ ఫోల్డర్ నొక్కితే కొత్త రిజిస్టరు రాసుకుంటుంది. ఐమ్యాప్ కాబట్టి సర్వర్ నుంచి మళ్లీ తెచ్చుకుంటుంది, పెద్ద ఫోల్డర్ అయితే టైం పడుతుంది. మధ్యలో మూసెయ్యకు.

మీ నాన్న ఇంట్లో వాడే పాత అకౌంట్ పాప్ అని నాకు గుర్తు. దానితో జాగ్రత్త. అక్కడ రిపేర్ చేసేముందు థండర్‌బర్డ్ మూసేసి, థండర్‌బర్డ్ మెయిల్సూ సెట్టింగ్సూ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యాలి. అది ఎక్కడుందో హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీ చెబుతుంది. పొరపాటున ఏదైనా డిలీట్ చేసి ట్రాష్ కూడా ఖాళీ చేశాడనుకో, కాంపాక్ట్ మాత్రం నొక్కనివ్వకు. డిలీట్ అంటే ఫైల్లో ఆ మెయిల్‌కి కొట్టివేత గుర్తు పెట్టడమే, నిజంగా చెరిపేది కాంపాక్టే. మామూలు రోజుల్లో అయితే కాంపాక్ట్ మంచిదే, లేకపోతే ఫైలు ఊరికే ఉబ్బుతుంది. డిస్క్‌లో ఆ ఫోల్డరంత ఖాళీ ఉందో లేదో చూసుకుని చెయ్యాలి, ఎందుకంటే అది ముందు కొత్త ఫైలు రాసి ఆ తర్వాతే పాతది తీసేస్తుంది. అలాగే యాంటీవైరస్ ఒక్క పాడు మెయిల్ కోసం ఇన్‌బాక్స్ ఫైలంతా పట్టుకుపోకుండా ఉండాలంటే, సెట్టింగ్స్‌లో మెయిల్స్‌ని విడివిడిగా క్వారంటైన్ (అంటే పక్కకి తీసి బంధించడం) చెయ్యనిచ్చే టిక్ ఉంది, అది పెట్టించు.

ఇక ఫిల్టర్లు, అంటే వచ్చిన మెయిల్‌ని దానంతటదే ఫోల్డర్‌లోకి జరిపే నియమాలు. వెబ్‌లో పేరు మార్చారు కాబట్టి నీ పాత ఫిల్టర్ ఇంకా లేని ఫోల్డర్‌నే వెతుక్కుంటూ ఉండొచ్చు. టూల్స్‌లో మెసేజ్ ఫిల్టర్స్ తెరిచి, గమ్యం కొత్త ఫోల్డర్‌కి మార్చు. సబ్జెక్టులో జీఎస్‌టీ అని ఉంటే చాలు అని రాసినట్టున్నావు, అందుకే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల ప్రకటనలు కూడా నోటీసుల్లోకి చేరుతున్నాయి. పంపినవాళ్ల అడ్రసు షరతు కూడా కలిపి, రెండూ నిజమైతేనే జరపమని పెట్టు. ఫిల్టర్లు పైనుంచి కిందికి వరుసగా నడుస్తాయి, కాబట్టి ఫలానా క్లయింట్‌కి రాసినవి పైన, అందరికీ వర్తించేవి కింద ఉండాలి. ఏదైనా మెయిల్ వేరేచోటికి ఎందుకు వెళ్లిందో అర్థం కాకపోతే ఫిల్టర్ లాగ్ ఆన్ చెయ్యి, ఏ మెయిల్‌ని ఏ ఫిల్టర్ లాక్కెళ్లిందో రాసి పెడుతుంది.

నా మాట వింటే అసలు ఈ ఫిల్టర్లని జీమెయిల్‌లోనే పెట్టేసుకో. థండర్‌బర్డ్ ఫిల్టర్ థండర్‌బర్డ్ తెరిచి ఉంటేనే పనిచేస్తుంది. ఆదివారం మీ సార్ ఫోన్‌లో చూసుకుంటే అన్నీ ఇన్‌బాక్స్‌లోనే కుప్పగా ఉంటాయి. రెండుచోట్లా పెట్టావంటే మాత్రం ఎవరు ఎటు జరిపారో తెలియక తల పట్టుకుంటావు.

క్లయింట్‌కో ఫోల్డర్, అందులో నెలకో ఫోల్డర్ అని మీ సీనియర్ చెప్పారన్నావు. పెద్దాయన మాట కాదనలేవు, నాకు తెలుసు. నేనైతే సంవత్సరానికి ఒకటి, అందులో క్లయింట్‌కి ఒకటి పెట్టి ఆపేస్తాను. నెల కావాలంటే తేదీతో వెతుక్కోవచ్చు కదా.

ఇవాళే "25" ఫోల్డర్ చూసి ఏ సంగతీ చెప్పు. అందులోనూ లేకపోతే రిపేర్ నొక్కకుండా ఫోన్ చెయ్యి. రాత్రి ఎనిమిది దాటాక తీరిగ్గా ఉంటాను, స్క్రీన్ చూపిస్తే ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

మీ పెదనాన్న